యాభై దాటాక కొత్తగా ఏం మొదలుపెట్టారు? విజయనగరం, శ్రీకాకుళం ఆడవాళ్లు రాయండి

కోటగుమ్మం (విజయనగరం)
అందరికీ నమస్కారం. నాకు యాభై నాలుగు. పోయిన శ్రావణంలో వీణ మొదలుపెట్టాను. చిన్నప్పుడు మహారాజా సంగీత కళాశాల ముందు నుంచే బడికి నడిచి వెళ్లేదాన్ని, 1919 నుంచి ఉన్న కాలేజీ అది, మా వీధిలో ఎవరో ఒకరు అక్కడ పాటో వయొలినో నేర్చుకుంటూనే ఉండేవారు, మా ఇంట్లో మాత్రం అన్నయ్యల ట్యూషన్ ఫీజులు కట్టేసరికి నా వంతు ఏమీ మిగిలేది కాదు. తర్వాత పెళ్లి, పిల్లలు, అత్తగారు మంచాన పడ్డ ఏళ్లు. ఇప్పుడు పిల్లలిద్దరూ ఉద్యోగాల్లో ఉన్నారు. నా చీటీ డబ్బులు చేతికి రాగానే బొబ్బిలి పక్క గొల్లపల్లి వెళ్లి వీణ కొనుక్కున్నాను. అక్కడ ఒకే పనస దుంగని తొలిచి చేస్తారు, అతుకు ఉండదు. ఇరవై నాలుగు మెట్లూ మైనంలో కూర్చోబెడతారు, ఎండాకాలం కిటికీ పక్కన పెడితే మైనం మెత్తబడి స్వరం మారిపోతుందని చేసినాయనే చెప్పి పంపారు.

మొదట్లో ఎడమచేతి వేళ్ల చివర్లు మండిపోయేవి. ఇప్పుడు చూపుడువేలికీ మధ్యవేలికీ తీగ మందంలో సన్నటి కాయలు కాశాయి. ఉల్లిపాయ తరుగుతున్నప్పుడు ఆ గట్టిదనం తగిలితే నాకు ఎంత సంతోషంగా ఉంటుందో చెప్పలేను.

మొన్న మా బంధువుల పెళ్లిలో ఒకావిడ నలుగురి ముందూ "ఈ వయసులో వీణేంటే, హాయిగా రామకోటి రాసుకోక" అన్నారు. రామకోటి మంచిదే, మా అమ్మ రాసింది. నాకు మాత్రం వీణ కావాలి. అందుకే అడుగుతున్నాను, మీలో ఎవరెవరు ఏం మొదలుపెట్టారు, ఎందుకు, ఇలాంటి మాటలకి ఏం సమాధానం చెప్తున్నారు?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
చెల్లీ, ముందు నీకు అభినందనలు. నేను రిటైరైన టీచర్ని, అరవై ఒకటి. నేను మొదలుపెట్టింది ఏమీ లేదు, ఒకటి మానేశాను. జుట్టుకి రంగు. రిటైరయ్యే దాకా పదిహేను రోజులకోసారి ఆ గిన్నె, ఆ బ్రష్షు, మెడ మీద దురద, పైగా పాపిట దగ్గర తెల్లగా మొలకలు వచ్చాయేమోనని ప్రతి ఫంక్షన్‌కీ ముందు టెన్షన్. మానేసిన కొత్తలో సగం నలుపు సగం తెలుపుగా కొన్ని నెలలు ఓర్చుకోవాలి, అప్పుడే అందరూ సలహాలిస్తారు, "మీ ఆయన మీకంటే చిన్నవాడిలా కనిపిస్తున్నాడండీ" అన్నవాళ్లు కూడా ఉన్నారు. నేను ఒకటే చెప్పాను, ఆయనకి అరవై అయిదు, నాకు అరవై ఒకటి, ఇద్దరం బాగానే ఉన్నాం అని. వేసుకునేవాళ్లని నేను తప్పు పట్టను, అది వాళ్లిష్టం. నా తల నేను అద్దంలో చూసుకుంటే మా అమ్మ కనిపిస్తోంది, నాకు అది చాలా నచ్చింది.

వయసు గురించి ఎవరైనా మాట్లాడితే నేను చిలుకూరి శాంతమ్మ గారి పేరు చెప్తాను. 1929లో పుట్టిన మనిషి. ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పి 1989లో రిటైరయ్యారు. అక్కడితో ఆగకుండా, తొంభై దాటాక కూడా చేతికర్రల మీద నడుస్తూ విశాఖ నుంచి మన విజయనగరం సెంచూరియన్ యూనివర్సిటీకి వచ్చి పిల్లలకి పాఠం చెప్పారు. మోకాళ్లు సహకరించవు, అయినా పాఠానికి మాత్రం నిలబడేవారు. ఆవిణ్ణి తలుచుకుంటే నాకింకా ముప్ఫై ఏళ్లు చేతిలో ఉన్నాయనిపిస్తుంది.

గజపతినగరం పిన్ని
నాకు యాభై ఎనిమిది. చదువు అయిదో తరగతి. నేను మొదలుపెట్టింది బస్సెక్కడం.

నవ్వకండి అమ్మా, నిజమే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు కదా, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. అంతకుముందు అరసవల్లి వెళ్లాలన్నా ఛార్జీకి మా ఆయన్నో కొడుకునో అడగాలి. ఇస్తారు, ఇవ్వరని కాదు, కానీ ఎందుకు, ఎవరితో, ఎప్పుడొస్తావు అన్నీ చెప్పాలి. ఇప్పుడు మా వీధి ఆడవాళ్లం కలిసి పొద్దున్నే వంట చేసేసి, పులిహోర కట్టుకుని బయల్దేరతాం. రామతీర్థం, అరసవల్లి, శ్రీకూర్మం అన్నీ చూశాం. శ్రీకూర్మంలో తాబేళ్లకి తోటకూర పెడుతుంటే నాతో వచ్చిన అరవై ఏళ్లావిడ చిన్నపిల్లలాగ కేరింతలు కొట్టింది, ఆవిడ పెళ్లయ్యాక పుట్టిల్లు తప్ప ఇంకో ఊరు వెళ్లలేదట. ఏ బస్సు ఎక్కడ మారాలో ఇప్పుడు నేనే అందరికీ చెప్తున్నాను. కండక్టరు "ఎక్కడికి మామ్మా" అంటే గట్టిగా చెప్తాను, ఇదివరకు గొంతు పెగిలేది కాదు.

ఇచ్ఛాపురం వదిన
పిన్నీ, బాగుంది. నేను కూడా తిరుగుతున్నాను కానీ ఒక్కటి రాయాలి. బస్టాండుల్లో పెద్దవయసు ఆడవాళ్లకి పనికొచ్చే బాత్రూములు ఎక్కడున్నాయి? మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేం, కమోడ్ ఉండదు, ఉన్నచోట నీళ్లుండవు. అందుకని పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా బయల్దేరతాం, సాయంత్రానికి మంట, రెండో రోజుకి జ్వరం. ఊళ్లు తిరిగే ధైర్యం వచ్చింది, మంచిదే, దానికి తగ్గ సౌకర్యం కూడా మనమే అడగాలి. మా గ్రామసభలో నేను లేచి అడిగాను. మగవాళ్లంతా తల దించుకున్నారు. సర్పంచి రాసుకున్నారు, ఏమవుతుందో చూస్తాను, కాకపోతే మళ్లీ అడుగుతాను.

జీడితోట (పలాస)
అందరివీ చదివాను. ఒక మాట సూటిగా చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. వీణ కొనుక్కునే చీటీ డబ్బులు అందరికీ ఉండవు. నాకు నలభై ఎనిమిది, చూసినవాళ్లు అరవై అనుకుంటారు. పదహారేళ్లు జీడిపప్పు పనిలో ఉన్నాను. జీడిపిక్క కొట్టేటప్పుడు పెంకులోంచి జీడినూనె కారుతుంది, అది చర్మానికి తగిలితే కాలిపోతుంది, వేళ్లు నల్లగా మాడినట్టయి పొలుసులు ఊడతాయి. బూడిద రాసుకునో ఆముదం రాసుకునో పని చేసేవాళ్లం. పెళ్లిళ్లకి వెళ్తే చేతులు కొంగులో దాచుకునేదాన్ని. మాలాంటి వాళ్లకి వయసు ముందే వచ్చేస్తుంది. పెద్దయ్యాక సంతోషం అని మాట్లాడేముందు ఎవరి వయసు, ఎలాంటి పని చేసిన ఒళ్లు అని కూడా చూడాలి.

అయినా సంతోషం లేదా అంటే, ఉంది. మా గ్రూపులో లోను తీసుకుని కాశీబుగ్గలో టిఫిన్ బండి పెట్టాను. ఇడ్లీ, అట్టు, చోడి (రాగి) అంబలి. చేతులు మానాయి, గోళ్లు మళ్లీ మామూలుగా వచ్చాయి. కోడలు ఫోన్‌లో డబ్బులు ఎలా వస్తాయో నేర్పింది, స్కానర్ బోర్డు మీద నా పేరు ఉంటుంది. నా పేరు! ఇన్నాళ్లూ ఫలానా వాడి పెళ్లాం, ఫలానా గుంటడి తల్లి. ఇప్పుడు డబ్బు పడ్డప్పుడల్లా ఫోన్ మాట్లాడుతుంది, అది వింటుంటే ఒళ్లు అలసట తెలీదు.

కోటగుమ్మం
జీడితోట గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇలాంటి మాటే ఇక్కడ రావాలి. నాకు దొరికిన తీరిక మీలాంటివాళ్లకి దొరకలేదన్నది నిజం. మీ బండి కాశీబుగ్గలో ఎక్కడో చెప్పండి, సోంపేట మా చెల్లెలింటికి వెళ్లేటప్పుడు ఆగుతాను.

జీడితోట
బస్టాండుకి దగ్గరే. పొద్దున ఆరు నుంచి పది దాకా. ఆ తర్వాత రుబ్బు ఉండదు.

రాజాం నుంచి
నాది వేరే సమస్య, ఇక్కడ అడగొచ్చో లేదో. నలభై ఆరు. ఏడాదిగా నెలసరి గాడి తప్పింది, రెండు నెలలు రాదు, వస్తే పది రోజులు ఆగదు. రాత్రిళ్లు ఒళ్లంతా సెగలు, ఫ్యాను కిందే చెమటతో జాకెట్టు తడిసిపోతుంది, చిన్నమాటకే ఏడుపొస్తుంది. ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే పది నిమిషాల్లో "గర్భసంచి తీసేద్దాం, పీడా వదిలిపోతుంది" అన్నారు. మా ఆడపడుచుకీ, తోడికోడలికీ ముప్ఫై అయిదు దాటకుండానే తీసేశారు, వాళ్లు కూడా తీయించేసుకో అంటున్నారు. మీరందరూ సంతోషం అని రాస్తున్నారు, నాకు మాత్రం ముసలితనం అంటే ఇదే కాబోలని భయంగా ఉంది.

పాత ఏఎన్ఎం (ఆమదాలవలస)
రాజాం అమ్మాయీ, ముందు భయం తీసి పక్కన పెట్టు. ముప్ఫై ఏళ్లకి పైగా ఆరోగ్య కార్యకర్తగా ఇంటింటికీ తిరిగిన మనిషిని, ఇలాంటి మాట విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తాను.

నువ్వు చెప్పిన సెగలు, చెమట, నిద్ర పట్టకపోవడం, ఏడుపు, ఇవన్నీ నెలసరి ఆగిపోయే ముందు చాలామందికి వచ్చేవే. మన దేశంలో ఆడవాళ్లకి సగటున నలభై ఆరు, నలభై ఏడు మధ్య ఆగుతుంది. వరసగా పన్నెండు నెలలు రాకపోతే అప్పుడు పూర్తిగా ఆగినట్టు. అది జబ్బు కాదు. ఒక దశ, దాటిపోతావు. ఎక్కువ ఇబ్బందిగా ఉంటే దానికి మందులున్నాయి, డాక్టరుని అడగడానికి సిగ్గుపడక్కర్లేదు.

ఇక రక్తం ఎక్కువ పోవడం. దాన్ని మాత్రం వదిలేయకూడదు, కానీ ఆపరేషనే మొదటి దారి కాదు. స్కానింగ్ చేయించి గడ్డలున్నాయా, లోపల పొర మందంగా ఉందా చూడాలి, రక్తం ఎంతుందో, థైరాయిడ్ ఎలా ఉందో చూడాలి. అవసరమైతే లోపలి పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. చాలామందికి మాత్రలతోనో, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్‌తోనో తగ్గుతుంది. క్యాన్సర్ అనుమానం ఉంటేనో, ఏ మందుకీ లొంగకపోతేనో అప్పుడు ఆపరేషన్, అప్పుడు చేయించుకోవాల్సిందే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు తొమ్మిది మందికి గర్భసంచి లేదని తేలింది, దేశంలో ఇంకెక్కడా అంత లేదు. పిల్లలు పుట్టేశారు కదా, ఇంక ఆ సంచితో పనేంటి అని తీయించేసుకుంటున్నారు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఒక్కసారిగా హార్మోన్లు పడిపోయి ఎముకలు పెళుసవుతాయి, గుండెకి కూడా మంచిది కాదు. అండాశయాలు ఉంచినా కొందరికి నెలసరి ఆగే వయసు ముందుకొస్తుంది. ముప్ఫై అయిదుకే తీయించుకున్న మీ తోడికోడలికి నడుం నొప్పి, ఒళ్లు నొప్పులు ఉన్నాయా అడుగు. నువ్వు జిల్లా ఆసుపత్రిలోనో ఇంకో చోటో స్త్రీల వైద్యుల దగ్గర రెండో అభిప్రాయం తీసుకో.

మిగతావాళ్లకి కూడా ఒక మాట. పూర్తిగా ఆగిపోయిన తర్వాత, అంటే ఏడాది దాటాక, ఒక్క చుక్క కనపడినా ఆగకుండా చూపించుకోండి. "వేడి చేసింది" అని సగ్గుబియ్యం జావ తాగి ఊరుకోవద్దు. ఇంకా చాలామంది దాచేది, గర్భసంచి కిందికి జారడం. పొలం పని చేసి, నీళ్లు మోసి, బాలింతతనంలోనే బరువులెత్తినవాళ్లకి ఎక్కువగా వస్తుంది. ఏళ్ల తరబడి గుడ్డ కట్టుకుని తిరిగినవాళ్లని చూశాను, భర్తకి కూడా చెప్పరు. దానికి లోపల పెట్టుకునే రింగు ఉంది, ఖర్చు తక్కువ, ఆపరేషన్ లేకుండానే చాలామందికి సరిపోతుంది. దగ్గితే, తుమ్మితే మూత్రం పడేవాళ్లు మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలనే బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి, అలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు. కూర్చుని టీవీ చూస్తూ చేసుకోవచ్చు, ఎవరికీ తెలీదు. కొన్ని వారాలు మానకుండా చెయ్యాలి.

మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో మాత్రలు కొని ఏళ్ల తరబడి మింగకండి. కిడ్నీలు పాడవుతాయి. అసలే మనకి ఉద్దానం ఉంది, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

జీడితోట గారు అమ్మే చోడి అంబలి మన పెద్దవాళ్లు పెట్టిన ఆస్తి. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నెలసరి ఆగినవాళ్లకి రోజుకి 1200 కావాలి. చోడి అంబలి, నువ్వులు, పెరుగు, చిన్నచేపలు తినేవాళ్లయితే ముల్లుతో సహా చేపలు. అన్నిటికంటే ముఖ్యం, బరువులు ఎత్తాలి. అవును, ఈ వయసులోనే. కండలు వాడకపోతే ఎముక కూడా అరిగిపోతుంది. 2000లో సిడ్నీలో బరువులెత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళగా నిలిచిన కరణం మల్లీశ్వరి మా ఆమదాలవలస పక్క ఊసవానిపేట పిల్ల. మనం లీటరు నీళ్ల సీసాలతో మొదలుపెడితే చాలు. మా వీధిలో అరవై దాటినవాళ్లం సాయంత్రం మేడ మీద చేరి చేస్తున్నాం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం నేర్పాను, మొదట్లో లేవలేనివాళ్లు ఇప్పుడు టకటకా లేస్తున్నారు.

రాజాం నుంచి
అమ్మా, మీకు దణ్ణం. రేపే మా ఆయనకి చూపిస్తాను ఇది.

ఇచ్ఛాపురం వదిన
రింగు గురించి నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మా అత్తగారు అలాగే బాధపడి పోయారు. ఇది కాపీ చేసి మా గ్రూపు మీటింగులో చదివి వినిపిస్తాను, చదువు రానివాళ్లే ఎక్కువ మా దగ్గర.

పొందూరు పిల్ల (ఇప్పుడు హైదరాబాద్)
నా వయసు ముప్ఫై ఏడు, మా అమ్మ గురించి రాస్తున్నాను. అమ్మకి అరవై ఎనిమిది, పొందూరులో నూలు వడుకుతుంది. నాన్న పోయాక అమ్మ చాలా ఏళ్లు శుభకార్యాలకి వెళ్తే వంటిళ్ల వైపే ఉండేది, ఎదురు రాకూడదని తనంతట తనే తప్పుకునేది. ఎవరూ వద్దనలేదు, రమ్మని కూడా అనలేదు. రాట్నం ముందు కూర్చున్నప్పుడు మాత్రం వేరే మనిషి.

ఆ పని చూసినవాళ్లకే తెలుస్తుంది. ముందు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతుంది, దాని పళ్లు ఎంత సన్నగా ఉంటాయంటే దుమ్ము, నలక మొత్తం వచ్చేసి పోగులన్నీ ఒకే వైపు వాలతాయి. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఆరకుండా, నలగకుండా ఎండిన అరటి డొప్పలో దాస్తుంది. అప్పుడు ఒంటి కదురు రాట్నం మీద వడకడం. వంద కౌంట్ నూలు తీస్తుంది, అంటే అంత సన్నటి పోగు, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే తప్ప కనపడదు. నాకు కళ్లజోడు ఉన్నా ఆ పోగు దొరకదు, అమ్మ వేళ్లు చూడకుండానే పట్టుకుంటాయి, తెగితే తడి వేలితో అతికేస్తుంది, అతుకు ఎక్కడో చెప్పలేం. కూలి తక్కువ, అందుకే కుర్రపిల్లలు రావడం లేదు, ఆ బాధ అమ్మకి ఉంది, నాకూ ఉంది, నేనే రాలేదు కదా. కానీ ఆ వయసు చేతులే ఆ పనికి కావాలి, పాతికేళ్ల చేతికి ఆ ఓర్పు రాదు అంటుంది.

పోయిన మాఘంలో మా పిన్ని కూతురి పెళ్లికి నేను పట్టుబట్టి అమ్మకి జరీ ఉన్న మెరూన్ చీర కట్టించాను. అమ్మ ఏం చేసిందో తెలుసా, తనంతట తనే ముందుకెళ్లి అక్షింతలు వేసింది. బొట్టు కూడా పెట్టుకుంది. ఒకరిద్దరు చూశారు. అమ్మ వాళ్ల వైపు చూసి "నా చెల్లెలి కూతురు, నేను పెంచిన పిల్ల" అంది, అంతే.

గజపతినగరం పిన్ని
అమ్మడూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. నేను కూడా అలా వెనక్కి నిలబడ్డవాళ్లని చూస్తూ ఊరుకునేవాళ్లలో ఒకదాన్ని. ఈసారి మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా మా పెద్దతోడికోడల్ని నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను.

బెంగళూరు మామ్మ (విజయనగరం మాది)
నాకు అరవై ఆరు. అందరూ బయటికెళ్లడం, నేర్చుకోవడం గురించి రాశారు, నాకు మనవరాలితో ఉండడమే సంతోషం, అలాంటివాళ్లం కూడా ఉన్నామని చెప్పడానికి రాస్తున్నాను. రామకోటి రాసుకునేవాళ్లని, పిల్లల్ని ఎత్తుకునేవాళ్లని తక్కువ చేయకండి. దానికి నాలుగేళ్లు. తెలుగు నా దగ్గరే నేర్చుకుంది, పైడితల్లమ్మ జాతరలో ఊరేగించే సిరిమాను కథ చెప్తే పూజారి అంత ఎత్తున మాను చివర ఎలా కూర్చుంటాడు, పడిపోడా అని రోజూ అడుగుతుంది. ఈసారి దసరా తర్వాత మంగళవారానికి తీసుకొచ్చి పైడితల్లమ్మ జాతర చూపిస్తాను.

నాగావళి గట్టు
మామ్మగారూ, మీరు చెప్పింది నిజం, అదీ సంతోషమే. కాకపోతే నా స్నేహితురాలి సంగతి చూస్తున్నాను, కూతురింటికి వెళ్లి వంటమనిషి, ఆయా, కాపలా అన్నీ తనే అయిపోయింది. ఒంట్లో బాగాలేదని చెప్పడానికి కూడా మొహమాటం. పైగా ఇక్కడి ఇల్లు కొడుకు పేర రాసేసింది, ఇప్పుడు తిరిగి రావాలన్నా తన ఇల్లంటూ లేదు. అలాంటప్పుడు మనవల ముద్దు కూడా బరువవుతుంది.

బెంగళూరు మామ్మ
అందుకే నేను వచ్చేముందే అబ్బాయికీ కోడలికీ చెప్పాను. ఆదివారం నాది. సాయంత్రం పాప బడి నుంచి వచ్చి, పాలు తాగాక రెండు గంటలు నేను పార్కుకి వెళ్తాను. ఏడాదిలో నాలుగు నెలలు విజయనగరంలో నా ఇంట్లో ఉంటాను. కోడలికి మొదట నచ్చలేదు, ఇప్పుడు ఆ అమ్మాయే "అత్తయ్యా, టైమయింది, వెళ్లండి" అంటుంది. పార్కులో కన్నడ, తమిళం, మలయాళం అన్ని భాషల ఆడవాళ్లూ ఉన్నారు, భాష రాకపోయినా అందరి మోకాళ్లూ ఒకేలా నొప్పెడతాయి, మాటలు దొరికేస్తాయి. ఇల్లు మాత్రం నా పేరనే ఉంచుకున్నాను.

లాయరమ్మ (శ్రీకాకుళం కోర్టు)
ఇల్లు రాసేయడం గురించి వచ్చింది కాబట్టి చెప్తున్నాను. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, ఎక్కువమందిది ఒకటే కథ, ప్రేమగా రాసిచ్చారు, తర్వాత అన్నం పెట్టడం లేదు. 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. అరవై దాటినవాళ్లు పిల్లల నుంచి మనోవర్తి కోరుతూ ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు, కన్నతల్లికైతే అరవై నిండాలన్న నియమం కూడా లేదు. అదే చట్టం 23వ సెక్షన్ కింద, నన్ను చూసుకోవాలి అన్న షరతుతో రాసిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయమని కోరవచ్చు. అందుకని గిఫ్ట్ డీడ్ రాయక తప్పదనుకుంటే ఆ షరతు అందులో స్పష్టంగా రాయించండి, నోటిమాట నమ్మి ఊరుకోవద్దు. అన్నిటికంటే మంచిది వీలునామా రాయడం, మీరు ఉన్నంతకాలం ఆస్తి మీదే, మనసు మారితే వీలునామా మార్చుకోవచ్చు కూడా. వేధింపులుంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది.

పిల్లల మీద అనుమానంతో కాదు నేను చెప్పేది. సొంత గూడు ఉన్న తల్లి అందరితోనూ ధైర్యంగా, ప్రేమగా ఉండగలుగుతుంది, రోజూ చూస్తున్నాను.

జీడితోట
లాయరమ్మా, మా అమ్మకి ఆస్తి లేదు, పింఛను ఉంది. నెలకి నాలుగు వేలు. ఒకటో తారీఖు పొద్దున్నే గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుని ఎదురు చూస్తుంది. అందులోంచి నా కూతురికి పుట్టినరోజుకి గాజులు కొంది. నేను ఎందుకమ్మా, మందులకి ఉంచుకో అంటే, "ఇవ్వడానికి నా దగ్గర ఉన్నాయే" అంది. నా చిన్నప్పుడు అమ్మ అలా మాట్లాడ్డం నేను ఎప్పుడూ వినలేదు. డెబ్బై రెండేళ్లు.

కోటగుమ్మం
ఇన్ని రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. పెళ్లిలో ఆవిడన్న మాట ఇంక గుర్తు కూడా రావడం లేదు. ఒక ఆలోచన వచ్చింది, విజయనగరంలో ఉన్నవాళ్లం అయ్యకోనేరు గట్టు మీద శనివారం పొద్దున్న ఆరింటికి కలుద్దామా? ఏఎన్ఎం అమ్మగారు ఒక్కసారి వచ్చి ఆ కుర్చీ వ్యాయామం, నీళ్ల సీసాల వ్యాయామం చూపిస్తే బాగుంటుంది. కుర్చీలు నేను ఏర్పాటు చేస్తాను.

పాత ఏఎన్ఎం
వస్తాను. పొద్దున్న ట్రైన్‌కి వస్తే ఆరుకి అందలేను, ఏడుకి పెట్టండి. అందరూ లీటరు సీసాలు రెండేసి తెచ్చుకోండి. బీపీ మాత్ర వేసుకునేవాళ్లు మానకుండా వేసుకుని రండి. చీరతో వచ్చినా పర్లేదు, కానీ జారే చెప్పులు వద్దు.

రాజాం నుంచి
అందరికీ చెప్పాలని మళ్లీ వచ్చాను. వేరే లేడీ డాక్టరుకి చూపించుకున్నాను. స్కానింగ్‌లో చిన్న గడ్డ ఒకటి ఉంది, లోపలి పొర పరీక్షలో చెడు ఏమీ లేదు. రక్తం (హిమోగ్లోబిన్) ఎనిమిదే ఉంది. ప్రస్తుతానికి ఆపరేషన్ అవసరం లేదన్నారు, మాత్రలు, ఐరన్ ఇచ్చారు. సెగలు ఇంకా వస్తున్నాయి కానీ ఇదేదో నా ఒక్కదానికే అన్న భయం పోయింది. మా తోడికోడలిని కూడా ఎముకల పరీక్షకి తీసుకెళ్తున్నాను, ఆమెకి నలభై ఒకటే, నడుం వంగిపోతోంది. ఇంకో సంగతి, మా అమ్మాయి స్కూటీ మీద నేర్చుకుంటున్నాను, కాలేజీ గ్రౌండులో పొద్దున్నే.

పాత ఏఎన్ఎం
మంచి పని చేశావు. ఐరన్ మాత్ర టీతో వేసుకోకు, ఒంటికి పట్టదు, నిమ్మరసంతో వేసుకో. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర ఒకే పూట వద్దు. స్కానింగ్ కాగితాలు ఒక ఫైలులో పెట్టి దాచు, ఆర్నెల్లకి మళ్లీ చూపించుకుంటే అప్పటి గడ్డ సైజుతో పోల్చడానికి అవి కావాలి. స్కూటీకి హెల్మెట్ పెట్టుకో.